కూరగాయల మడిలో బోరాన్ ఎక్కువైతే ఎలా గుర్తుపట్టాలి, ఎలా సరిదిద్దుకోవాలి

చేవెళ్ల వైపు మాకున్న పది గుంటల (పావు ఎకరం) ఎర్ర చెలకలో ఒక యాసంగి ఫ్రెంచ్ బీన్స్ పెట్టాను. అంతకుముందు అదే మడిలో టమాటా కాయలు పగిలాయి. "బోరాన్ తక్కువైంది, ఒక ప్యాకెట్ వేస్తే సరి" అని పక్క చేను ఆయన చెప్పాడు. బోరాన్ అంటే మొక్కకు రవ్వంత మాత్రమే కావలసిన పోషకం. కిలో ప్యాకెట్ తెచ్చి, విత్తనం పెట్టిన సాళ్ల వెంటే చల్లేశాను. మొలక బాగానే వచ్చింది. రెండు వారాలు తిరిగేసరికి మొదటి ఆకుల అంచులు పసుపు రంగుకు తిరిగాయి, తర్వాత గోధుమ రంగులో మాడి కాగితంలా పెళుసుబారాయి. తెగులేమో అని మందు కొట్టాను. ఎండ దెబ్బేమో అని నీళ్లు పెట్టాను. చివరికి గట్టు మీద పడి ఉన్న ఖాళీ ప్యాకెట్ తీసి చదివితే అసలు సంగతి తెలిసింది. అది 20 శాతం బోరాన్ ఉన్న రకం. పది గుంటలకు పావు కిలో చాలు. నేను వేసింది నాలుగింతలు, అదీ మడంతా పరవకుండా వేళ్ల పక్కనే గుమ్మరించాను.

మన దగ్గర బోరాన్ ఎక్కువవడం చాలాసార్లు ఇలాగే జరుగుతుంది. నేల చేసే తప్పు తక్కువ, మన చెయ్యి చేసేదే ఎక్కువ. మహబూబ్‌నగర్, నల్లగొండ, కర్నూలు మెట్ట పొలాల్లో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ వాళ్లు మట్టి పరీక్షలు చేస్తే చాలా చోట్ల బోరాన్ లోపమే కనిపించింది. అందుకే "బోరాన్ వేయండి" అనే మాట ఊరూరా పాకింది. ఎంత వేయాలనే మాట మాత్రం దాని వెంట అంత దూరం రాలేదు.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. యూరియా కాస్త ఎక్కువ పడితే పైరు ఏపుగా పెరుగుతుంది, పురుగు వస్తుంది, డబ్బు వృథా అవుతుంది, అంతవరకే. బోరాన్ అలా కాదు. చాలడానికీ విషం కావడానికీ మధ్య దూరం చాలా తక్కువ. వేడినీటి పద్ధతిలో చేసే మట్టి పరీక్షలో 0.5 పీపీఎం (పది లక్షల పాళ్లలో అర పాలు) కంటే తగ్గితే లోపం అంటారు. 2 పీపీఎం దాటితే సున్నితమైన పంటల విషయంలో అనుమానపడాలి. 5 దాటితే చాలా పంటలకు ఇబ్బందే.

ముందు ఆకు చదవండి

మడిలో దిగగానే చిగురు చూడకండి, కింది ఆకులు చూడండి. బోరాన్ లోపం, బోరాన్ ఎక్కువ అనే రెండింటికీ తేడా పట్టించేది ఇదే. లోపముంటే దెబ్బ చిగురుకు తగులుతుంది. లేత ఆకులు ముడుచుకుంటాయి, మొవ్వ చనిపోతుంది, కాలీఫ్లవర్ కాండం లోపల డొల్ల పడుతుంది, పువ్వు గోధుమ రంగుకు మారుతుంది. ఎక్కువైతే ముదురు ఆకుల కొనలూ అంచులూ ముందు పోతాయి, చిగురు చాలా రోజులు పచ్చగానే ఉంటుంది.

ఎందుకలా అంటే, నేల నీటిలో బోరాన్ ఎక్కువగా బోరిక్ ఆమ్లం రూపంలో ఉంటుంది. దానికి విద్యుదావేశం ఉండదు కాబట్టి నీళ్లతో పాటే వేళ్లలోకి, అక్కడి నుంచి ఆకుల్లోకి ఎక్కుతుంది. ఆకులోంచి నీరు ఆవిరైపోతుంది, బోరాన్ మాత్రం ఆ నీటి ప్రయాణం ఆగిన చోటే, అంటే ఆకు చివర, మిగిలిపోతుంది. పొయ్యి మీద నీళ్లు ఇగిరిపోయిన గిన్నె అంచున తెల్లటి చార మిగిలినట్టే. టమాటా, బీన్స్, దోస లాంటి మన కూరగాయల్లో చాలా వాటికి అలా చేరిన బోరాన్‌ను మళ్లీ వెనక్కి తీసి కొత్త ఆకులకు పంపే శక్తి లేదు. ఆపిల్, బాదం చెట్లు పంపగలవు, అందుకే వాటిలో లక్షణాలు వేరే చోట కనిపిస్తాయి. మన మడిలో మాత్రం ఎంత ముదురు ఆకైతే అంత పేరుకుపోతుంది. ఎండాకాలంలో మొక్క ఎక్కువ నీరు లాగుతుంది కాబట్టి దెబ్బ తొందరగా బయటపడుతుంది.

పంటను బట్టి చిత్రం కొంచెం మారుతుంది. దోసలో ముదురు ఆకు చుట్టూ పసుపు పట్టీ గీసినట్టు వస్తుంది, తర్వాత అది గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆకు కిందికి గొడుగులా వంగుతుంది. ఉల్లి, వెల్లుల్లి లాంటి పొడుగు ఆకుల్లో కొనల నుంచి కిందికి మాడుతుంది. బీన్స్‌లో అందరికంటే ముందు మొదటి జత ఆకులు చెబుతాయి. టమాటా చాలా ఓర్చుకుంటుంది. దాని కింది ఆకుల అంచులు మాడుతున్నాయంటే విషయం ముదిరిందనే అర్థం.

ఆకు మాడటం పైకి కనిపించేది. కనిపించనిది వేరు దగ్గర జరుగుతుంది. వేరు కొనలో కణాలు ఒకటి రెండుగా చీలి పెరగడం మందగిస్తుంది, వేళ్లు పొట్టిగా ఉండిపోతాయి. మామూలుగా బోరాన్ పని కణాల గోడల్లోని పెక్టిన్‌ను కుట్టుపోగులా పట్టి ఉంచడం. ఎక్కువైనప్పుడు అది కణం లోపల శక్తికి సంబంధించిన పదార్థాలకు కూడా అతుక్కుని వాటి పనికి అడ్డం పడుతుంది. ఆకులో పచ్చదనం తగ్గుతుంది, మొక్క పొట్టిబారుతుంది, పూత తగ్గి పిందెలు తక్కువ నిలుస్తాయి. అనుమానం వచ్చిన మొక్కను ఒకదాన్ని మట్టితో సహా పెకిలించి, బాగున్న మొక్క వేళ్ల పక్కన పెట్టి చూడండి.

ఇది నిజంగా బోరానేనా?

ఇక్కడే చాలామంది పొరపడతారు, నేనూ పొరపడ్డాను. ముదురు ఆకు అంచు మాడే జబ్బులు ఇంకా ఉన్నాయి. పొటాష్ లోపంలోనూ అచ్చం ఇలాగే ముదురు ఆకు అంచులే మాడతాయి. కానీ అది ఎక్కువగా కాయ బరువెక్కే రోజుల్లో కనిపిస్తుంది. రెండు మూడు వారాల మొలకలోనే అంచులు మాడితే పొటాష్‌ను కాదు, మీరు వేసిన వాటిని అనుమానించండి. ఉప్పు ఎక్కువైన నేలలో అంచులు మాడటంతో పాటు మట్టి మీద తెల్లటి పొర తేలుతుంది, నీళ్లున్నా మొక్క వాడిపోతుంది. దోస బూజు తెగులైతే మచ్చలు ఈనెల మధ్య కోణాలుగా ఉంటాయి, పొద్దున్నే ఆకు అడుగున బూజు కనిపిస్తుంది. కలుపు మందు గాలికి వచ్చి పడితే లేత ఆకులు మెలికలు తిరుగుతాయి.

నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచే ఈసీ మీటర్ పెట్టి చూసి "నా నీళ్లు మంచివే" అనుకునేవాళ్లకు ఒక మాట. పైరును దెబ్బతీసేంత బోరాన్ ఉన్నా ఈసీ మీటర్ ముల్లు కదలదు. ఆవేశం లేనిది, పైగా లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములే. మీటర్‌కు దొరకదు.

ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క కట్టండి

పుస్తకం తీసుకుని, గడిచిన రెండు పంటల్లో మడికి వేసినవన్నీ రాయండి. బస్తాల మీద, ప్యాకెట్ల మీద బోరాన్ శాతం వెతకండి. షాపుల్లో దొరికేవి ఇవి: బోరాక్స్, అంటే మన వెలిగారమే, కంసాలులు బంగారం అతకడానికి వాడేది. ఇందులో బోరాన్ 10.5 శాతం దాకా ఉంటుంది. బోరిక్ ఆమ్లంలో 17 శాతం. నీళ్లలో ఇట్టే కరిగే ఆక్టాబోరేట్ పొడిలో 20 శాతం. ఎకరానికి కావలసిన బోరాన్ సుమారు 200 గ్రాములు. అంటే వెలిగారమైతే రెండు కిలోలు, 20 శాతం రకమైతే ఒక్క కిలో. "రెండు కిలోలు వేయాలట" అన్న మాట ఒక రకానికి చెప్పింది, ఇంకో రకానికి వాడితే అక్కడే రెట్టింపు అవుతుంది. కాలీఫ్లవర్ లాంటి వాటికి ఇంకాస్త ఎక్కువ చెబుతారు, ఆ లెక్క వేరు. దాన్ని పట్టుకొచ్చి బీన్స్‌కు వేయకండి.

తర్వాత దొంగదారిన వచ్చేవి. కాల్షియం నైట్రేట్ బస్తా మీద బోరాన్ 0.25 శాతం అని ఉంటే 25 కిలోల బస్తాలో 62 గ్రాముల బోరాన్ ఉన్నట్టు. డ్రిప్‌లో నాలుగు బస్తాలు ఇచ్చారంటే ఎకరానికి కావలసింది అక్కడికే దాటిపోయింది. బోరాన్ కలిపిన సూపర్ ఫాస్ఫేట్, మైక్రోన్యూట్రియంట్ మిక్చర్, పూత నిలవడానికని కొట్టే స్ప్రే, అన్నీ ఒకే ఖాతాలో పడతాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పు లేదు, కూడితేనే తెలుస్తుంది.

థర్మల్ కేంద్రాల బూడిద తెచ్చి పొలంలో తోలేవాళ్లు, మొక్కల మట్టిలో కలిపేవాళ్లు కూడా ఉన్నారు. తాజా బొగ్గు బూడిదలో నీటికి కరిగే బోరాన్ ఉంటుంది. కొన్ని వానలకు తడిసి కడిగిపోయిన పాత బూడిద వేరు, నిన్న లారీలో వచ్చింది వేరు. పట్టణపు చెత్తతో చేసిన కంపోస్టునూ పరీక్ష లేకుండా మడినిండా పోయకండి.

ఎరువుతో బోరాన్ వచ్చి పొలాలు పాడవడం కొత్త సంగతేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ నుంచి పొటాష్ రావడం ఆగిపోతే, అమెరికాలో కాలిఫోర్నియాలోని సెర్ల్స్ సరస్సు ఉప్పు నుంచి పొటాష్ తీశారు. అందులో వెలిగారం కలిసి ఉండి ఆలుగడ్డ, పత్తి పొలాలు దెబ్బతిన్నాయి. అప్పటికి బోరాన్ అంటే విషమనే పేరే ఉంది. మొక్క బతకడానికి అది కావాలని ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో కేథరిన్ వారింగ్టన్ చూపించింది 1923లో, అదీ చిక్కుడు జాతి మొక్క మీదే.

పరీక్ష చేయించండి

మాడిన చోట ఒకటి, బాగున్న చోట ఒకటి, రెండు మట్టి నమూనాలు విడివిడిగా తీయండి. రెండూ కలిపేస్తే సగటు వస్తుంది, సగటుతో మీకు పని లేదు. పైచెత్త తీసేసి, 15 సెంటీమీటర్ల లోతు వరకు ఇంగ్లిష్ వీ అక్షరంలా తవ్వి, గోడ వెంట మట్టి గీకి, నీడన ఆరబెట్టి అర కిలో ఇవ్వండి. ప్రభుత్వ సాయిల్ హెల్త్ కార్డులో చూసే 12 అంశాల్లో బోరాన్ కూడా ఉంది. కార్డు ఇంట్లో ఉంటే ముందు అది తీసి చూడండి. లేకపోతే దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలోనో మట్టి పరీక్ష ల్యాబ్‌లోనో "బోరాన్ కావాలి" అని నోరు తెరిచి అడగండి. అడక్కపోతే పీహెచ్, ఈసీ, ఎన్‌పీకే చేసి పంపేస్తారు.

బోరు నీళ్లు కూడా ఇవ్వండి. (బోరు నీళ్లలో బోరాన్ అంటే మా ఊళ్లో నవ్వారు, పేర్ల పోలిక తప్ప రెండింటికీ సంబంధం లేదు.) నీళ్లు ప్లాస్టిక్ సీసాలో పట్టండి. గాజు సీసా వద్దు. ల్యాబ్ గాజులో బోరాన్ ఉంటుంది, అది నీళ్లలోకి దిగితే లెక్క తప్పుతుంది. మోటారు పది నిమిషాలు నడిచాక పట్టండి. లీటరుకు అర మిల్లీగ్రాము లోపుంటే ఏ కూరగాయకూ భయం లేదు.

ఆకు పరీక్ష కూడా చేయించగలిగితే అనుమానం పూర్తిగా తీరుతుంది. చాలా కూరగాయల ఆకుల్లో 25 నుంచి 100 పీపీఎం మధ్య ఉంటే మామూలు. 200 దాటితే మీరు వెతుకుతున్నది దొరికినట్టే.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇంకోటి ఉంది. నాకిదే బాగా నచ్చింది. రెండు డబ్బాలు తీసుకోండి. ఒకదాంట్లో అనుమానం ఉన్న మట్టి, ఇంకోదాంట్లో మందులు పడని గట్టు మట్టి. రెండింట్లో నాలుగేసి బీన్స్ గింజలు పెట్టి, ఒకే నీళ్లు పోయండి. మూడు వారాల్లో మొదటి ఆకులు చూసి పోల్చుకోండి. అంకె చెప్పదు కానీ, వచ్చే పంట పెట్టాలా వద్దా అన్నది చెబుతుంది.

మడిని కడగండి

బోరాన్ అని తేలాక మొదటి పని ఆపడం. మిక్చర్లు, పూత స్ప్రేలు, బోరాన్ కలిపిన డ్రిప్ ఎరువులు అన్నీ ఆపండి. దీనికి విరుగుడు స్ప్రే అంటూ ఏదీ లేదు. ఎవరైనా సీసా చేతిలో పెడితే తిరిగి ఇచ్చేయండి.

రెండో పని నీళ్లు. ఎర్ర చెలక, ఇసుక నేలల్లో బోరాన్ నీళ్లతో కిందికి దిగిపోతుంది. మంచి నీళ్లతో మడి నిండా తడి పెట్టండి. నీరు ఇంకి, నేల కాస్త ఆరాక మళ్లీ పెట్టండి. ఒక్కసారే చెరువు చేస్తే వేళ్లకు గాలి ఆడక, బోరాన్ చంపకపోయినా మీరే చంపుతారు. మామూలు ఉప్పు కడగడానికి పట్టే నీళ్ల కంటే రెండు మూడింతలు పడుతుంది, ఎందుకంటే బోరాన్ కొంత మట్టి రేణువులను పట్టుకుని ఉండి నెమ్మదిగా వదులుతుంది. నల్లరేగడిలో ఇంకా ఆలస్యం. అక్కడ యాసంగిలో బోరు మీద భారం వేసే కంటే, బయటికి కాలువ తీసి పెట్టి వానాకాలం కోసం ఆగడం మేలు. వాన నీటిలో బోరాన్ దాదాపు ఉండదు, అంతకంటే మంచి కడుగు నీళ్లు లేవు.

కడిగితే బోరాన్ ఒక్కటే పోదు, నత్రజని, పొటాష్ కూడా కొంత కొట్టుకుపోతాయి. కాబట్టి తర్వాత వాటిని చిన్న మోతాదుల్లో ఇవ్వండి.

సున్నం, జిప్సం గురించి అందరూ అడుగుతారు. పుల్ల నేలకు సున్నం వేస్తే బోరాన్ మట్టికి ఎక్కువగా అతుక్కుని మొక్కకు అందడం తగ్గుతుంది. చౌడు నేలకు జిప్సం వేస్తే బోరాన్ తక్కువ కరిగే కాల్షియం రూపంలోకి మారుతుంది. మీ నేల పుల్లదీ కాదు, చౌడూ కాదంటే రెండూ వద్దు, నీళ్లే చాలు. బాగా చివికిన పశువుల ఎరువు కొంత బోరాన్‌ను పట్టి ఉంచుతుంది, అది ఏ నేలకైనా వేయొచ్చు.

మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాని కోసం ఎదురు చూడకండి. కొత్తగా వచ్చే ఆకులు ముదిరాక అంచులు ఆరోగ్యంగా ఉన్నాయా అన్నదే మీ కొలత. పూర్తిగా ఎండిన ఆకులు ఏరి మడి బయట పారేయండి. మొక్క తాగిన బోరాన్‌లో ఎక్కువ భాగం ఉన్నది వాటిలోనే, కంపోస్టు గుంతలో వేస్తే మళ్లీ మీ మడికే వస్తుంది. పచ్చగా ఉన్నవి మాత్రం కోయకండి.

తర్వాత ఏం పెట్టాలి

అన్ని పంటల ఓర్పు ఒకటి కాదు. వేళ్ల దగ్గరి నేల నీటిలో లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల వరకు తట్టుకుంటాయని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పట్టిక ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. దాని ప్రకారం ఉల్లి, అలసంద 0.75 దగ్గరే ఇబ్బంది పడతాయి. వెల్లుల్లి, చిలగడదుంప, బీన్స్, వేరుశనగ 1 వరకు. మిరప, క్యారెట్, ముల్లంగి, ఆలుగడ్డ, దోస 1 నుంచి 2. క్యాబేజీ, మొక్కజొన్న 2 నుంచి 4. టమాటా, బీట్‌రూట్, జొన్న 4 నుంచి 6. పత్తి అంతకంటే ఎక్కువే ఓర్చుకుంటుంది.

నా తప్పుకు సగం కారణం ఈ పట్టికలోనే ఉంది. టమాటాకు సరిపడేంత చనువుతో బీన్స్‌కు వేశాను. మీ మడిలో టమాటా బాగా వచ్చిందంటే నేలలో బోరాన్ ఎక్కువ లేదని కాదు. టమాటా చెప్పకుండా ఓర్చుకుని ఉండొచ్చు, తర్వాత పెట్టిన ఉల్లి మీ మీద ఫిర్యాదు చేస్తుంది. కడిగిన మడిలో ఒక పంటకాలం పశువులకు జొన్న మేత కోసి తీసేయడమో, బీట్‌రూట్ పెట్టడమో చేయండి. ఉల్లి, అలసంద, బీన్స్‌ను డబ్బా పరీక్ష అయ్యాకే పెట్టండి.

మళ్లీ వేయాల్సి వస్తే

టమాటా కాయ పగిలిన ప్రతిసారీ బోరాన్ అనుకోకండి. నాలుగు రోజులు ఎండబెట్టి ఒక్కసారి నీళ్లు వదిలినా కాయ పగులుతుంది. కాయ కింది భాగం నల్లబడితే అది కాల్షియం అందక. పరీక్షలో 0.5 కంటే తక్కువ వస్తేనే బోరాన్ ముట్టుకోండి.

వేసేటప్పుడు విత్తనం పక్కన, సాలులో, మొక్క మొదట్లో వద్దు. కొలిచిన వెలిగారాన్ని పది, పదిహేను కిలోల పొడి ఇసుకలోనో చివికిన ఎరువులోనో బాగా కలిపి, ఆఖరి దుక్కికి ముందు మడంతా సమానంగా చల్లండి. ఆకు మీద కొట్టాలంటే 20 శాతం రకం లీటరుకు ఒక గ్రాము, అంటే 16 లీటర్ల పంపుకు 16 గ్రాములు, సాయంత్రం పూట. మూతతో, చెంచాతో కొలవకండి. వంటింటి డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, పాడైన బీన్స్ పంట కంటే చవక.

మిద్దె తోట వాళ్లకు వేరుగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ కుండీలు పాడయ్యేది ఇక్కడే. ఎకరానికి రెండు కిలోలంటే చదరపు మీటరుకు అర గ్రాము. అడుగు వెడల్పు కుండీకి 35 మిల్లీగ్రాములు, అంటే వేలి కొనకు అంటుకునే నాలుగు పలుకులు. "ఒక చెంచా వేయండి" అని వీడియోలో చూసి అయిదు గ్రాములు వేస్తే అది నూరింతల పైమాటే. క్యారంబోర్డు పొడి, బొద్దింకల పొడి పేరుతో ఇంట్లో ఉండే బోరిక్ పొడిని కుండీల దగ్గరికి రానివ్వకండి. నిజంగా వేయాలంటే ఒక గ్రాము వెలిగారం పది లీటర్ల నీళ్లలో కరిగించి, అడుగు కుండీకి 350 మిల్లీలీటర్లు పోయండి. ఒక బకెట్ ఇరవై ఎనిమిది కుండీలకు వస్తుంది. మీకు పది కుండీలే ఉంటే మిగతా నీళ్లు పారబోయండి, మిగిలాయి కదా అని వాటికే పోయొద్దు.

ఇప్పటికే చెంచా వేసేసి ఉంటే పై మట్టి రెండంగుళాలు తీసేయండి. కుండీ అడుగు చిల్లులు తెరుచుకున్నాయో లేదో చూసి, కుండీ పట్టేంత నీళ్లు నాలుగైదు సార్లు, మధ్యలో ఆరనిస్తూ పోయండి. కింద పళ్లెం పెట్టి ఆ నీళ్లను మళ్లీ వాడొద్దు. కాచిన నీళ్లలో బోరాన్ పోదు, ఆర్‌ఓ మిషన్ కూడా దాన్ని పూర్తిగా ఆపలేదు. వాన పడే రోజులైతే కుండీని ఆరుబయట పెట్టి వదిలేయండి. చెంచా పడింది చిన్న కుండీలో అయితే ఇదంతా ఎందుకు, మట్టి మార్చేయడమే సుఖం.

మా పది గుంటల్లో ఆ బీన్స్‌ను పీకేశాను. ఆ వానాకాలం మేత జొన్న వేసి రెండు కోతలు తీశాను. మరుసటి యాసంగికి డబ్బాలో బీన్స్ గింజలు పెట్టి చూస్తే ఆకుల అంచులు శుభ్రంగా వచ్చాయి, అప్పుడే మడిలో సాళ్లు తోలాను.